షీటు వెనక పేరు చదవండి: అనంతపురం జిల్లా మెడికల్ షాపులవారికి బహిరంగ లేఖ

మెడికల్ షాపుల యజమానులకు, ఫార్మసిస్టులకు, కౌంటరు దగ్గర చీటీ అందుకొనే అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

షుగర్ వైద్యంలో, మందుల పంపిణీలో పనిచేసే డాక్టర్లం, ఫార్మసిస్టులం, నర్సులం కొందరం కలిసి రాస్తున్న లేఖ ఇది. ప్రభుత్వానికి చెప్పుకోవలసినవి వేరే ఉన్నాయి, వాటిని ఇక్కడ ఎత్తడం లేదు. కళ్యాణదుర్గంలోనో ఉరవకొండలోనో ఉండే టైప్ 2 షుగర్ మనిషి డాక్టరును మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి కలుస్తాడు. మిమ్మల్ని నెలకు రెండు మూడు సార్లు కలుస్తాడు. "అన్నా, నా షుగర్ మాత్రలు ఒక షీటు ఇయ్యి" అంటాడు. చేతిలో చీటీ ఉండదు. ఖాళీ షీటు ముక్కో, ఫోన్లో ఫొటోనో ఉంటుంది. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. ఆ అర నిమిషం గురించే మా విన్నపం.

చీటీ లేకుండా ఇవ్వకూడదని మీకూ తెలుసు, మాకూ తెలుసు. మందు ఎలా వాడాలో రోగికి వివరించడం ఫార్మసిస్టు పనేనని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనల్లోనూ ఉంది. ఆ వాదనలోకి దిగడానికి రాయడం లేదు. షీటు కౌంటరు దాటే ముందు దాని వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివి, ఆ మందుకు తగిన మాట ఒకటి చెప్పి పంపండి. మా కోరిక అంతే. షుగర్ మాత్రలన్నిటికీ ఒకే మాట పనికిరాదు కాబట్టి ఇంత పొడుగు లేఖ అవసరమైంది.

ముందు రెండు మందుల సంగతి. మన జిల్లాలో అమ్ముడయ్యే షుగర్ మాత్రల్లో ఎక్కువ భాగం మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, లేదా ఆ రెండూ కలిసినవే. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయం మీద పనిచేసి, అది రక్తంలోకి వదిలే చక్కెరను తగ్గిస్తుంది. అదొక్కటే వాడే మనిషి ఒక పూట తినకపోయినా షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ దారి వేరు. అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనిషి సంగటి తిన్నాడా, ఉత్త టీ తాగి చేనుకు పోయాడా అన్నది దానికి అక్కరలేదు. వేసుకున్నాక తిండి పడకపోతే షుగర్ 70 కిందికి, ఒక్కోసారి 40 కిందికి దిగిపోతుంది. గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, పాత మందు గ్లిబెన్‌క్లమైడ్ కూడా ఈ జాతివే. వీటిలో గ్లిబెన్‌క్లమైడ్ ఎక్కువసేపు పనిచేస్తుంది, ముసలివాళ్లను రాత్రిపూట పడేసేది ఎక్కువగా ఇదే. ఏళ్ల తరబడి అదే మాత్ర కొంటున్న 70 ఏళ్ల తాత మీ షాపుకు వస్తుంటే, మీరు మార్చకండి గాని, "తాతా, ఈ మాత్ర ఇంకా కావాలా అని డాక్టరును ఒకసారి అడుగు" అని చెప్పండి. అరవై దాటినవాళ్లకు దానికి బదులు గ్లిక్లజైడ్ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనే ఉంది.

ఇక షీటు చదవడం. కాంబినేషన్ మాత్రల మీద బ్రాండు పేరు పెద్దగా, లోపలి మందులు చిన్నగా ఉంటాయి. బ్రాండు చివర అంకె 1 అనో 2 అనో ఉంటే చాలా కంపెనీల్లో అది గ్లిమిపిరైడ్ మిల్లీగ్రాములు. "ఫోర్ట్" అని ఉంటే సాధారణంగా మెట్‌ఫార్మిన్ 500 బదులు 1000 అని అర్థం. అంటే 1 అడిగినవాళ్లకు స్టాకు లేదని 2 ఇస్తే గ్లిమిపిరైడ్ రెట్టింపు అయినట్టు. మామూలు మాత్రకు ఫోర్ట్ ఇస్తే మెట్‌ఫార్మిన్ రెట్టింపు అయినట్టు. "సగం విరిచి వేసుకో" అని సర్దిచెప్పడం ఇంకా తప్పు, ఎందుకో కింద చెప్తాం. అన్నిటికంటే మోసం చేసేది "వి" అక్షరం. ఒక కంపెనీలో అది వోగ్లిబోస్, ఇంకో కంపెనీలో విల్డాగ్లిప్టిన్. ఒకటి మొదటి ముద్దతో వేసుకోవలసినది, రెండోదానికి తిండితో పనిలేదు. అక్షరం చూసి బ్రాండు మార్చకండి. వెనక్కి తిప్పి మందు పేరు, మిల్లీగ్రాములు, ఎస్‌ఆర్ (మందును నెమ్మదిగా వదిలే రకం) అవునా కాదా, ఈ మూడూ కలిస్తేనే మార్పు.

బ్రాండు మారినప్పుడు జరిగే ఇంకో ప్రమాదం ఇంట్లో జరుగుతుంది, మీ కంటికి కనిపించదు. పాత షీటులో ఆరు మాత్రలు మిగిలి ఉంటాయి, కొత్తది రంగు వేరు, డబ్బా వేరు. ఇది వేరే మందనుకొని రెండూ వేసుకుంటారు. అలాగే పీహెచ్‌సీలోనో ఊళ్లోని ఆరోగ్య మందిరంలోనో ఉచితంగా ఇచ్చిన మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు ఇంట్లో ఉంటాయి. టౌన్లో ప్రైవేటు డాక్టరు రాసిన కాంబినేషన్ మీ దగ్గర కొంటారు. "ప్రభుత్వ మాత్రకు పవర్ తక్కువ, ఇదీ వేసుకుందాం" అని రెండూ మింగుతారు. బ్రాండు మార్చిన ప్రతిసారీ "అదే మందక్కా, పేరు మారింది. పాతవి అయిపోయినాకే ఇవి మొదలుపెట్టు" అనండి. అనుమానం వస్తే ఇంట్లో ఉన్న షుగర్ మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకొని రమ్మనండి. ఆ కవర్లో గ్లిమిపిరైడ్ ఒకవైపు, గ్లిక్లజైడ్ ఇంకోవైపు కనిపిస్తే అది డబుల్ డోసే. ఒకే జాతివైన సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ రెండూ ఉన్నా డాక్టరుకు ఫోను చేయవలసిందే.

వేళ దగ్గరికి వద్దాం. చీటీ మీద 1-0-1 అని ఉంటుంది. మీరు "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చదివి చెప్తారు. చెనిక్కాయ చేనులో కూలికి పోయే మనిషి పొద్దున అంటే ఆరు గంటలకు టీతో వేసుకుంటాడు. సద్ది విప్పేది తొమ్మిదిన్నరకో పదికో. నడుమ మూడున్నర గంటలు వంగి కలుపు తీస్తాడు. గ్లిమిపిరైడ్ రక్తంలో పతాక స్థాయికి చేరేది రెండు మూడు గంటల్లోనే. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం సరిగ్గా ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య వస్తాయి. ఎండ దెబ్బ అనుకొని నీళ్లు చల్లుతారు. అందుకని "పొద్దున" అని చెప్పొద్దు. "సద్దితో" అనండి. గ్లిమిపిరైడ్ రోజులో మొదటి పెద్ద తిండితో వేసుకోవాలి, ఆ తిండి ఎన్ని గంటలకైనా సరే. ఏ పూటైనా తినకపోతే ఆ పూట మాత్ర మానుకోవాలి. మరచిపోయిన మాత్రను తర్వాతి పూట దానితో కలిపి రెండు మింగకూడదు.

మెట్‌ఫార్మిన్‌కు మాట వేరు: తిండి నడుమనో, తిన్న వెంటనేనో. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, కడుపులో గడబిడ, బేదులు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సాధారణంగా 500 రాత్రి అన్నంతో ఒకటి, వారం తర్వాత 500 రెండు పూటలు, అలా వారం వారం పెంచుకుంటూ పోతారు. మొదటిరోజే 1000 రెండు పూటలా పడితే సగం మంది మూడో రోజుకు మానేస్తే ఆశ్చర్యం లేదు. మీ దగ్గర లోపెరమైడ్ మాటిమాటికీ కొనే మనిషికి కొత్తగా షుగర్ మాత్ర పడిందేమో అడగండి. బేదుల మాత్ర అమ్మడం కంటే, మెట్‌ఫార్మిన్‌ను ఎస్‌ఆర్‌కు మార్చమనో మోతాదు తగ్గించమనో డాక్టరు దగ్గరికి పంపడం అతనికి పనికొస్తుంది. చాలామందికి రెండు మూడు వారాల్లో కడుపు సర్దుకుంటుంది. ఎస్‌ఆర్ మాత్ర వాడేవాళ్లు కొందరు "మాత్ర కరగకుండా అలాగే బయటికి వస్తోంది" అని భయపడి వస్తారు. బయటికి వచ్చేది ఖాళీ పెంకు, మందు లోపలే దిగిపోయి ఉంటుంది. నకిలీ మందు కాదని చెప్పి పంపండి.

విరవడం ఎందుకు వద్దంటే ఇందుకే. ఎస్‌ఆర్ మాత్ర రోజంతా కొద్దికొద్దిగా వదిలేలా చేసినది. విరిచినా, నమిలినా, పొడి చేసి ముసలమ్మకు మజ్జిగలో కలిపినా మందంతా ఒక్కసారి పడుతుంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్రల్లో చాలావరకు రెండు పొరలవి. వాటిని విరిస్తే ఏ ముక్కలో ఎంత గ్లిమిపిరైడ్ వచ్చిందో ఎవరూ చెప్పలేరు. మింగలేని వాళ్లకు మామూలు మెట్‌ఫార్మిన్ 500 ఉంది, అది రాయమని డాక్టరును అడగవచ్చు.

షీటు కత్తిరించే కత్తెర గురించి కూడా. వారం కూలి మీద బతికేవాళ్లు ఏడు మాత్రలే అడుగుతారు, కత్తిరించక తప్పదు. అయితే మందు పేరు, గడువు తేదీ ఉన్న చివర వాళ్లకే పోనివ్వండి, పేరున్న చివర మీ దగ్గర ఉంచుకొని పేరులేని ముక్కలు ముందు అమ్మకండి. పేరులేని ముక్కతో ఆ మనిషి రాత్రి పదకొండు గంటలకు స్పృహ తప్పి సర్వజన ఆసుపత్రికి వస్తే, అక్కడి డ్యూటీ డాక్టరుకు ఆ ముక్క ఏమీ చెప్పదు. అది మెట్‌ఫార్మిన్ అయితే ఒక వైద్యం, గ్లిమిపిరైడ్ అయితే ఇంకొకటి. తప్పనిసరైతే కవరు మీద పెన్నుతో మందు పేరు, మిల్లీగ్రాములు రాయండి.

షుగర్ డౌన్ అయినప్పుడు ఏం చేయాలో ప్రతి గ్లిమిపిరైడ్ కొనుగోలుదారుకు ఒక్కసారైనా చెప్పండి. 70 కంటే తక్కువ ఉంటే, లేదా మిషను లేకపోయినా చెమట, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడడం ఉంటే, 15 గ్రాముల గ్లూకోజు. అంటే గ్లూకోజు పొడి మూడు చెంచాలు అర గ్లాసు నీళ్లలో. 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి, షుగర్ పెరగకపోతే ఇంకో మూడు చెంచాలు. తేరుకున్నాక అన్నమో రొట్టెనో తినాలి, లేకపోతే గంటలో మళ్లీ దిగుతుంది. చాక్లెట్‌లో కొవ్వు ఉండడం వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది, ఆ వేళకు అది పనికిరాదు. షుగర్ లేని కూల్‌డ్రింకు అసలే పనికిరాదు. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి.

ఇక్కడ వోగ్లిబోస్ తిరకాసు ఒకటుంది. ఇది మీకు తప్ప ఎవరికీ తట్టదు, ఎందుకంటే గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ ఒకే మాత్రలో ఉండే షీటు మీ చేతుల మీదుగానే పోతుంది. వోగ్లిబోస్, అకార్బోస్ పేగులో చక్కెరను విడగొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి. ఇంట్లో వాడే పంచదార, బెల్లం విడిపోతే గాని రక్తంలోకి చేరవు. ఆ మాత్ర వేసుకున్న మనిషికి షుగర్ పడిపోతే పంచదార నీళ్లు తాగించినా లేవడం ఆలస్యమవుతుంది. గ్లూకోజు పొడికి ఆ అడ్డు లేదు. మూడు మందుల షీటు కొనేవాళ్లకు గ్లూకోజు పొట్లం ఒకటి ఇంట్లో, ఒకటి సద్ది మూటలో పెట్టుకోమని చెప్పండి. ఇది మీకూ అమ్మకమే, మేం ఏమీ అనుకోం.

గ్లిమిపిరైడ్ వల్ల పడిన షుగర్ ఒకసారి లేచినా రాత్రిలోగా మళ్లీ పడవచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో, ముసలివాళ్లలో మందు ఒంట్లోనే ఎక్కువసేపు నిలుస్తుంది. అలాంటివాళ్లు గ్లూకోజుతో తేరుకున్నా ఆసుపత్రిలో ఒక రోజు కనిపెట్టి ఉంచవలసినవాళ్లే. సారాయి తాగినవాళ్ల సంగతి ఇంకా చెడ్డది. తాగి, తినకుండా, గ్లిమిపిరైడ్ వేసుకొని పడిపోయిన మనిషిని తాగి పడిపోయాడనుకొని అందరూ దాటిపోతారు. ఎక్కువ తాగేవాళ్లకు మెట్‌ఫార్మిన్‌తోనూ లాక్టిక్ అసిడోసిస్ (రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం) ముప్పు ఉంది. మెట్‌ఫార్మిన్ కుటుంబానికే చెందిన ఫెన్‌ఫార్మిన్‌ను అమెరికాలో 1970లలో ఆపేసింది ఈ ముప్పు వల్లే. మెట్‌ఫార్మిన్‌లో అది చాలా అరుదు, అయినా నీళ్లు ఇంకిపోయిన ఒంట్లో, పనిచేయని కిడ్నీతో దానికి దారి దొరుకుతుంది.

అందుకే వాంతులు, బేదులు. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో ఓఆర్‌ఎస్ పాకెట్లు అడిగే ప్రతి మనిషినీ "షుగర్ ఉందా? ఏం మాత్రలు?" అని అడగండి. వాంతులు, బేదులు ఆగి తిండి, నీళ్లు మామూలుగా దిగేదాకా, అంటే ఒకటి రెండు రోజులు, మెట్‌ఫార్మిన్ ఆపాలి. చక్కెరను మూత్రంలో పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉంటే అవీ ఆపాలి. తినకపోతే గ్లిమిపిరైడూ మానాలి, అయితే షుగర్ చూసుకుంటూ ఉండాలి, జ్వరంలో పెరగనూ వచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం దాన్ని సొంతంగా ఆపకూడదు, ఆ రోజే డాక్టరును అడగాలి. బీపీకి వాడే నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించేది) గురించి కూడా డాక్టరును అడగమనండి. ఒకటి రెండు రోజుల్లో కోలుకోకపోతే ఆసుపత్రికి.

షుగర్ వాళ్లు "అందులో గ్లూకోజు ఉంది కదా" అని ఓఆర్‌ఎస్‌కు జడుస్తారు. లీటరు నీళ్లకు కలిపే 20.5 గ్రాముల పాకెట్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే, ఆ ఉప్పు ఒంట్లోకి చేరడానికి ఆ చక్కెర కావాలి. తాగవచ్చు. అదే పేరుతో డబ్బాల్లో వచ్చిన తియ్యటి పానీయాలు వేరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలు లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడవద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. పాత స్టాకు అంటగట్టకండి.

డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో ముగిశాక చవకైంది, చీటీల మీద ఎక్కువగా కనిపిస్తోంది. మంచి మందే, గుండెకు, కిడ్నీకి మేలు చేస్తుంది. చక్కెరను మూత్రంలో బయటికి పంపడం దాని పద్ధతి. ఆ చక్కెరతో పాటు నీళ్లూ పోతాయి, జననాంగాల దగ్గర ఫంగస్ పెరగడానికి వీలవుతుంది. ఆడవాళ్లు సిగ్గుపడి దురద అని మీ చెవిలో చెప్తారు, మగవాళ్లయితే చెప్పనే చెప్పరు, ఆయింట్‌మెంటు అడుగుతారు. మీరు ఫంగస్ మాత్ర ఫ్లుకోనజోల్ 150 తీసి ఇస్తారు. ఆ మనిషి గ్లిమిపిరైడ్ కూడా వాడుతుంటే ఈ ఫ్లుకోనజోల్ కాలేయంలో గ్లిమిపిరైడ్ విరగకుండా అడ్డుకుంటుంది, వారం వారం వాడేకొద్దీ ఇంకా ఎక్కువ. దురద తగ్గుతుంది, షుగర్ పడిపోతుంది, ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు. మాత్ర తీసే ముందు షీటు అడగండి. పూత మందుతో పోయే దురదకు క్లోట్రిమజోల్ క్రీము చాలు, మూత్రం పోసిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కోమనండి. ఆ చోట వాపు, తీవ్రమైన నొప్పి, జ్వరం ఉంటే క్రీము ఇవ్వొద్దు, ఆసుపత్రికి పంపండి. డాపాగ్లిఫ్లోజిన్ వాడే మనిషి కడుపునొప్పి, వాంతులు, ఆయాసంతో వస్తే గ్లూకోమీటరులో 200 మాత్రమే ఉన్నా నిశ్చింతగా పంపేయవద్దు. కీటోన్లు (రక్తాన్ని ఆమ్లంగా మార్చే పదార్థాలు) పెరిగి ఉండవచ్చు. ఆపరేషనుకు మూడు రోజుల ముందు ఈ మాత్ర ఆపాలన్నది చాలామంది రోగులకు తెలియదు.

గ్లిమిపిరైడ్‌తో పొసగని అమ్మకాలు ఇంకొన్ని. మూత్రంలో మంటకు ఇచ్చే కోట్రైమోక్సజోల్, జ్వరానికి అడిగే సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ షుగర్‌ను దించగలవు. ఇదే జాతి గాటిఫ్లోక్సాసిన్ మాత్రలను 2011లో మన దేశంలో నిషేధించింది షుగర్‌ను అటూ ఇటూ విపరీతంగా ఊపడం వల్లనే. స్టెరాయిడ్ దీనికి తిరగబడ్డది. ఒళ్లు నొప్పులకు డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ కలిపి పొట్లాలు కట్టి ఇస్తే రెండు రోజుల్లో 300, 400 చూపిస్తుంది. మాత్ర పని చేయడం లేదని ఆ మనిషి ఇంకో షుగర్ మాత్ర కలుపుకుంటాడు. పొట్లం అయిపోయాక షుగర్ దిగిపోతుంది, కలుపుకున్న మాత్ర మాత్రం ఉండిపోతుంది. ఇక మోకాళ్ల నొప్పికి నెలల తరబడి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కొనేవాళ్లు. కొన్ని రకాల బీపీ మాత్ర, నీటి మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీని దెబ్బకొట్టగలవు. కిడ్నీ దెబ్బతింటే మెట్‌ఫార్మిన్ బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

కిడ్నీ లెక్క సులువే. ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంకె) చూడాలి. 45 పైన ఉంటే మెట్‌ఫార్మిన్ మామూలే. 30కి, 45కి మధ్య కొత్తగా మొదలుపెట్టరు, అప్పటికే వాడుతుంటే రోజుకు 1000 మి.గ్రా. దాటనివ్వరు. 30 కిందికి పోతే ఆపేయాలి. ఈ లెక్క మీరు కట్టనక్కర్లేదు, "ఈ సంవత్సరం కిడ్నీ పరీక్ష అయిందా?" అని అడిగితే చాలు.

అరికాళ్ల మంట, తిమ్మిర్లకు "నరాల మాత్రలు" అడిగేవాళ్లలో మెట్‌ఫార్మిన్ నాలుగైదేళ్లకు పైగా వాడుతున్నవాళ్లు ఉంటారు. మెట్‌ఫార్మిన్ వల్ల బీ12 తగ్గుతుంది, ఆ తిమ్మిర్లు షుగర్ తిమ్మిర్లలాగే ఉంటాయి. శాకాహారుల్లో ఇంకా తొందరగా. మీరిచ్చే మిథైల్‌కోబాలమిన్ (బీ12లో ఒక రకం) పనిచేయవచ్చు, ముందు బీ12 పరీక్ష చేయిస్తే ఎంత, ఎన్నాళ్లన్నది తేలుతుంది.

ఒక్కపొద్దుల గురించి విడిగా రాయాలి. గుంతకల్లు, తాడిపత్రి, రాయదుర్గం, అనంతపురం పాతూరు షాపులకు రంజాన్ నెల ముందే ఈ ప్రశ్నలు వస్తాయి. రోజుకు ఒకసారి వేసుకొనే గ్లిమిపిరైడ్‌ను ఇఫ్తార్‌కు మార్చి, షుగర్ అదుపులో ఉన్నవాళ్లకు మోతాదు తగ్గించడం డాక్టర్లు పాటించే పద్ధతి. రెండు పూటల మెట్‌ఫార్మిన్ ఇఫ్తార్‌కు ఒకటి, సహరీకి ఒకటి. మూడు పూటలదైతే మధ్యాహ్నం మాత్రను ఇఫ్తార్‌లో కలుపుతారు. ఇవన్నీ రోజా మొదలవడానికి నెలన్నర ముందే డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి, మొదటి రోజు సహరీ వేళ మీకు ఫోను చేసి కాదు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలి. వేలు గుచ్చి చూసుకుంటే రోజా చెడదు. కార్తీక సోమవారాలు, శివరాత్రి, ఏకాదశి చేసేవాళ్లకూ ఇదే సూత్రం: పొద్దున తినని రోజు పొద్దున గ్లిమిపిరైడ్ లేదు. చుక్కను చూసి రాత్రి తినేవాళ్లు మాత్రను ఆ భోజనానికి మార్చుకోవచ్చా, ఎంత వేసుకోవాలి అన్నది డాక్టరు చెప్పాలి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్యే షుగర్ పడిపోయి ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఉపవాసం జోలికి పోకపోవడమే మేలు.

మాత్రలు ఆగిపోవడం ఇంకో గొడవ. బెంగళూరుకు పనికి పోయేవాళ్లు పది రోజుల మందుతో పోయి, అక్కడ కొనక, పండక్కి 400తో తిరిగొస్తారు. "ఎన్నాళ్లకు వస్తావు?" అని అడిగి, అన్నాళ్లకు సరిపడా షీట్లు కొనుక్కొమ్మనండి. డబ్బు చాలనివాళ్లకు పీహెచ్‌సీలో ఉచితమని, జనౌషధి దుకాణంలో చవక అని చెప్పండి. బేరం పోతుందని మీకు అనిపించవచ్చు. షుగర్ రోగి ఒంట్లో బాగుంటే ముప్పై ఏళ్లు మీ షాపుకు వస్తాడు, ఇంకేదో కొంటాడు. రిపోర్టు మంచిగా వచ్చిందని మాత్ర మానేసే వాళ్లది వేరే సమస్య. "మాత్ర వేసుకుంటున్నందుకే మంచిగా వచ్చింది, తగ్గించాలన్నా డాక్టరు తగ్గించాలి" అన్న ఒక్క వాక్యం చాలు. హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు నెలల షుగర్ సగటు చెప్తుంది. రక్తం తక్కువగా ఉండి ఐరన్ లోపం ఉన్న ఆడవాళ్లలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు, కాబట్టి ఆ ఒక్క అంకె చూసి మాత్ర పెంచమని కౌంటరు దగ్గర సలహా ఇవ్వకండి.

ఈ మాత్రలు ఎండలో పెట్టవద్దు, రేకుల ఇంట్లో కిటికీ అంచున వద్దు, ఫ్రిజ్‌లోనూ వద్దు. షీటులోంచి తీసి డబ్బాలో పోసి ఉంచితే తేమ పడుతుంది, పేరూ పోతుంది.

ఇవన్నీ ప్రతి మనిషికీ చెప్తూ కూర్చుంటే షాపు నడవదని తెలుసు. కాబట్టి ఒక రబ్బరు స్టాంపు చేయించండి, కాగితం కవరు మీద కొట్టడానికి. నాలుగు వరుసలు, పెద్ద అక్షరాలు: "మందు పేరు ........ మి.గ్రా. ........ / సద్దితో ☐ మధ్యాహ్నం అన్నంతో ☐ రాత్రి అన్నంతో ☐ / తినని పూట గ్లిమిపిరైడ్ వద్దు / వాంతులు, బేదులైతే ఆపి డాక్టరును అడగండి". చదవలేనివాళ్లకు సద్ది దగ్గర సద్ది మూట బొమ్మ, రాత్రి దగ్గర నెలవంక బొమ్మ గీయించండి. మూడు మందుల షీటుకు ఐదో వరుస పెన్నుతో: "పంచదార వద్దు, గ్లూకోజు పొడి". స్టాంపు నమూనా కావాలంటే మీ దగ్గరి పీహెచ్‌సీ ఫార్మసిస్టుతో కలిసి కూర్చొని మీ ఊరి తిండి వేళలకు తగ్గట్టు మార్చుకోండి. గుమ్మగట్టలో సద్ది వేళ, టౌన్లో టిఫిన్ వేళ ఒకటి కావు.

ఇట్లు,
షుగర్ వైద్యంలో, మందుల పంపిణీలో పనిచేసే డాక్టర్లు, ఫార్మసిస్టులు, నర్సులు,
అనంతపురం జిల్లా